టి-కణ గ్రాహక ప్రొటీన్: అన్వేషణ చరిత్ర, నిర్మాణం, పాత్ర

వ్యాససంగ్రహం

రోగనిరోధక వ్యవస్థలోని టి-కణాలు పరాయి పదార్థాన్ని గుర్తించడానికి తోడ్పడే ప్రొటీన్ టి-కణ గ్రాహకం. అది ఏ పని చేస్తుందో 1974 నాటికే ప్రయోగాలు స్పష్టంగా సూచించాయి. అయినా ఆ ప్రొటీన్‌ను 1982-83లో గాని పట్టుకోలేకపోయారు. దాని జన్యువు 1984లోను, త్రిపరిమాణ నిర్మాణం 1996లోను తెలిశాయి. ఈ ఆలస్యానికి సాంకేతిక పరిమితులతోపాటు 'టి-కణ గ్రాహకం ప్రతిరక్షకం వంటిదే' అనే సాదృశ్యభావన కూడా కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పరీక్షకు నిలిచే అంశాలకు పరిమితమైనప్పుడు అదే సాదృశ్యం పరిశోధనకు దారి చూపిన తీరును చారిత్రకక్రమంలో వివరిస్తుంది.

కీలకపదాలు: టి-కణం, గ్రాహకం, ప్రతిరక్షకం, ఎం.హెచ్.సి., సాదృశ్యం, శాస్త్రచరిత్ర.

1. ప్రవేశిక

'గ్రాహకం' అనే పారిభాషిక పదానికి మూలం 'గ్రహ్' ధాతువు. 'గ్రహించు' అనే క్రియకు తెలుగులో పట్టుకొను, తెలిసికొను అనే రెండు అర్థాలూ ఉన్నాయి. కణం ఉపరితలంపై ఉండే గ్రాహక ప్రొటీన్ విషయంలో ఈ రెండర్థాలూ చెల్లుతాయి. అది ఒక అణువును పట్టుకొంటుంది. ఆ పట్టు ద్వారా కణానికి ఒక సమాచారం తెలుస్తుంది. టి-కణ గ్రాహకం దేనిని పట్టుకొంటుంది, తద్వారా దేనిని తెలిసికొంటుంది అన్న ప్రశ్నే ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో రోగనిరోధక శాస్త్రాన్ని నడిపించింది.

తెలియని వస్తువును తెలిసిన వస్తువుతో పోల్చి ఊహించడం శాస్త్రంలోనూ సహజమే. ఆలంకారికులు ఉపమలో ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అనే నాలుగంగాలను చెప్పారు. ఈ పరిభాషలో చెప్పాలంటే ఇక్కడ ఉపమేయం టి-కణ గ్రాహకం, ఉపమానం ప్రతిరక్షకం. కావ్యంలో సమానధర్మాన్ని కవి నిర్ణయిస్తాడు. శాస్త్రంలో దానిని ప్రయోగం నిర్ణయించాలి. సమానధర్మం ఏదో తేలకముందే ఉపమానాన్ని పూర్తిగా నమ్మితే ఏమవుతుందో ఈ ప్రొటీన్ చరిత్ర చూపుతుంది.

2. గ్రాహకభావన పుట్టుక

శరీరరక్షణకు కణాలే ఆధారమని 1882లో మెస్సినాలో తాను చేసిన పరిశీలనల ఆధారంగా ఎలీ మెచ్నికాఫ్ వాదించాడు. రక్తద్రవంలోని పదార్థాలే ముఖ్యమని జర్మన్ శాస్త్రవేత్తలు పలువురు భావించారు. ఈ రెండో పక్షంలో అగ్రగణ్యుడైన పౌల్ ఎర్లిక్ 1897లో పార్శ్వశృంఖల సిద్ధాంతాన్ని ప్రతిపాదించి, 1900లో లండన్‌లోని రాయల్ సొసైటీలో చేసిన ఉపన్యాసంలో దానిని విస్తరించాడు. కణం ఉపరితలంపై పలు పార్శ్వశృంఖలాలు ఉంటాయి. విషపదార్థం వాటిలో తనకు సరిపడిన దానికి అతుక్కొంటుంది. అప్పుడు కణం అటువంటి శృంఖలాలను అధికంగా తయారుచేసి రక్తంలోకి విడుస్తుంది. అవే ప్రతిరక్షకాలు. ఎంజైముల విషయంలో 1894లో ఎమిల్ ఫిషర్ చెప్పిన తాళం, తాళంచెవి పోలికను ఎర్లిక్ ఇక్కడ వాడుకొన్నాడు. మెచ్నికాఫ్, ఎర్లిక్ ఇద్దరూ 1908లో నోబెల్ బహుమతిని పంచుకొన్నారు.

ఈ సిద్ధాంతంలో గ్రాహకం, ప్రతిరక్షకం ఒకే వస్తువు. కణంపై ఉన్నంతసేపు అది గ్రాహకం. రక్తంలోకి విడుదలైతే ప్రతిరక్షకం. బి-కణాల విషయంలో ఈ ఊహ చాలావరకు నిజమని తరువాత తేలింది. రోగనిరోధక గ్రాహకమంటే ప్రతిరక్షకమే అన్న భావన బలపడటానికి ఇది కారణమైంది.

1957లో మాక్‌ఫర్లేన్ బర్నెట్ ప్రతిపాదించిన క్లోన్ ఎంపిక సిద్ధాంతం ప్రకారం ఒక్కొక్క లింఫోసైట్‌పై ఒకే రకమైన గ్రాహకం ఉంటుంది. దానికి సరిపడిన ప్రతిజనకం ఎదురైనప్పుడు ఆ కణమే విభజన చెంది వృద్ధి పొందుతుంది. రాడ్నీ పోర్టర్, జెరాల్డ్ ఎడల్‌మన్ ప్రతిరక్షకం నాలుగు శృంఖలాలతో ఏర్పడుతుందని నిరూపించి 1972లో నోబెల్ బహుమతి పొందారు. దీనితో ఉపమానం సాకారమైంది. ఉపమేయం మాత్రం ఇంకా పేరుకే పరిమితమై ఉంది.

ఈ భావనకు లొంగని సాక్ష్యం ఒకటి అంతకుముందే ఉంది. 1942లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో కార్ల్ లాండ్‌స్టైనర్, మెరిల్ చేజ్ గినీపందులపై ప్రయోగాలు చేశారు. కొన్ని రసాయనాలు తగిలితే చర్మం ఆలస్యంగా ప్రతిస్పందించే గుణాన్ని వారు ఒక జంతువు నుంచి మరొక జంతువుకు బదిలీ చేయగలిగారు. ఆ బదిలీ కణాల ద్వారానే జరిగింది. రక్తద్రవం ద్వారా జరగలేదు. కొన్ని రకాల రక్షణ ప్రతిరక్షకాలతో నిమిత్తం లేకుండా కణాలకే పరిమితమై ఉంటుందని దీనివల్ల తెలిసింది.

3. థైమస్ గ్రంథి - టి-కణాలు

ఆ కణాలు ఎక్కడివన్న ప్రశ్నకు 1961లో జాక్ మిల్లర్ ప్రయోగం సమాధానమిచ్చింది. లండన్‌లో ఎలుకల లుకేమియాపై పరిశోధిస్తున్న మిల్లర్, అప్పుడే పుట్టిన ఎలుకల నుంచి థైమస్ గ్రంథిని తొలగించాడు. వాటిలో లింఫోసైట్లు బాగా తగ్గిపోయాయి. అవి సులభంగా రోగాల పాలయ్యాయి. ఇతర జాతుల ఎలుకల చర్మాన్ని అంటించినా అవి తిరస్కరించలేకపోయాయి. రొమ్ముఎముక వెనుక ఉండి, వయసు పెరిగేకొద్దీ కుంచించుకుపోయే ఈ గ్రంథికి చెప్పుకోదగ్గ పనేమీ లేదని అప్పటివరకు భావించేవారు. మిల్లర్ ఫలితాలు వెలువడ్డాక, 1963లో కూడా, థైమస్‌లో లింఫోసైట్లు ఉండటం పరిణామక్రమంలో జరిగిన యాదృచ్ఛికమన్న అభిప్రాయాన్ని పీటర్ మెడవార్ వంటి నోబెల్ విజేత వ్యక్తం చేశాడు.

కోళ్లలో ఫాబ్రిషియస్ తిత్తిని తొలగిస్తే ప్రతిరక్షకాలు ఏర్పడవని బ్రూస్ గ్లిక్ 1956లో గమనించాడు. 1968లో మెల్‌బోర్న్‌లో మిల్లర్, గ్రాహం మిచెల్ చేసిన ప్రయోగాలు ఈ రెండు దారులనూ కలిపాయి. ప్రతిరక్షకాలను తయారుచేసే కణాలు ఎముకమజ్జ నుంచి వస్తాయని, థైమస్ నుంచి వచ్చే కణాలు వాటికి తోడ్పడతాయని వారు నిరూపించారు. మొదటివాటికి బి-కణాలు, రెండోవాటికి టి-కణాలు అన్న పేర్లు ఆ దశాబ్ది చివర స్థిరపడ్డాయి. బి-కణం గ్రాహకం ప్రతిరక్షకమే. మరి టి-కణం గ్రాహకం ఏది?

4. కాన్‌బెర్రా ప్రయోగం

ఈ ప్రశ్న రూపాన్నే మార్చిన ప్రయోగం 1973లో ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయంలో జరిగింది. దానిని చేసినవారు స్విట్జర్లాండ్ వైద్యుడు రోల్ఫ్ జింకర్‌నాగెల్, ఆస్ట్రేలియా పశువైద్యుడు పీటర్ డోహెర్టీ. ఎలుకల మెదడు పొరలకు వాపు కలిగించే ఒక వైరస్‌ను వారు ఎలుకలకు సోకించి, వాటి ప్లీహం నుంచి టి-కణాలను సేకరించారు. వాటిని అదే వైరస్ సోకిన వేరే కణాలతో కలిపారు. ఆ లక్ష్యకణాలలో ముందే రేడియోధార్మిక క్రోమియం నింపారు. కణం చస్తే క్రోమియం బయటికి వస్తుంది. దానిని కొలిస్తే ఎన్ని కణాలు చచ్చాయో తెలుస్తుంది.

టి-కణాలు, వైరస్ సోకిన కణాలు ఒకే రకం ఎలుకలవైతేనే హననం జరిగింది. వైరస్ అదే అయినా, కణాలు వేరే రకం ఎలుకవైతే టి-కణాలు వాటిని పట్టించుకోలేదు. ఈ తేడాకు మూలం ఎం.హెచ్.సి. అనే జన్యుసముదాయం. అవయవమార్పిడిలో దాత కణజాలాన్ని గ్రహీత శరీరం తిరస్కరించడానికి ముఖ్యకారణంగా ఆ సముదాయం అప్పటికే ప్రసిద్ధం. ప్రకృతిలో అవయవమార్పిడి జరగదు కదా, అయినా ఈ ప్రొటీన్లు ఎందుకున్నాయి? ఈ చిక్కుముడి కాన్‌బెర్రాలో విడిపోయింది. కణం లోపల ఏముందో టి-కణానికి తెలియజేయడమే వాటి అసలు పని. 1974లో ప్రచురితమైన ఈ పరిశోధనకు 1996లో నోబెల్ బహుమతి లభించింది.

ఉపమానం, ఉపమేయం విడిపోయినది ఇక్కడే. ప్రతిరక్షకం స్వేచ్ఛగా తిరిగే పరాయి అణువును నేరుగా పట్టుకొంటుంది. టి-కణం పరాయి అణువును తన శరీరానికే చెందిన ఎం.హెచ్.సి. ప్రొటీన్‌తో జతగా ఉన్నప్పుడే గుర్తిస్తుంది. జింకర్‌నాగెల్, డోహెర్టీ ఇందుకు రెండు వివరణలు ఇచ్చారు. వైరస్ వల్ల మార్పు చెందిన స్వీయప్రొటీన్‌ను ఒకే గ్రాహకం చూస్తూ ఉండవచ్చు. లేదా స్వీయప్రొటీన్‌ను ఒక గ్రాహకం, వైరస్‌ను మరొక గ్రాహకం విడివిడిగా చూస్తూ ఉండవచ్చు. గ్రాహకం ఒకటా, రెండా అన్న వాదం పన్నెండేళ్లు సాగింది.

5. దారితప్పిన దశాబ్దం

1970ల మధ్యలో యూరప్‌లోని కొన్ని ప్రయోగశాలలు ప్రతిరక్షకాల చర భాగాలను గుర్తించే సాధనాలు టి-కణాలను కూడా గుర్తిస్తున్నాయని ప్రకటించాయి. ప్రతిరక్షక జన్యువులనే టి-కణాలూ వాడుకొంటున్నాయన్న ఊహ దీనితో బలపడింది. టి-కణాలకే ప్రత్యేకమైన ప్రతిరక్షకరకం ఒకటి ఉండవచ్చన్న ప్రతిపాదన కూడా వచ్చింది. డి.ఎన్.ఎ. పరీక్షలు అందుబాటులోకి వచ్చాక, టి-కణాలలో ప్రతిరక్షక జన్యువులు పనికివచ్చే రీతిలో కూర్చబడి లేవని తేలింది.

ఇదే కాలంలో రోగనిరోధక ప్రతిస్పందనను అణచివేసే టి-కణాలకు 'ఐ-జె' అనే గుర్తు ఉందని, దాని జన్యువు ఎలుకల ఎం.హెచ్.సి.లో ఫలానా చోట ఉందని అనేక పత్రాలు వెలువడ్డాయి. 1980ల తొలినాళ్లలో ఆ డి.ఎన్.ఎ. భాగాన్ని వేరుచేసి పరిశీలిస్తే అటువంటి జన్యువుకు అక్కడ చోటే లేదు. పేరు ముందు పుట్టి, వస్తువు దొరకకపోయిన ఉదంతంగా ఇది రోగనిరోధక శాస్త్రచరిత్రలో మిగిలిపోయింది.

పరిశోధకుల ఊహలను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. ప్రతిరక్షకాలు రక్తంలో సమృద్ధిగా దొరుకుతాయి. మైలోమా అనే క్యాన్సర్ గడ్డలు ఒకే రకం ప్రతిరక్షకాన్ని విరివిగా తయారుచేస్తాయి. టి-కణ గ్రాహకం కణత్వచాన్ని వదిలి రాదు. ఒక్కొక్క కణంపై అది కొన్ని పదివేల సంఖ్యలోనే ఉంటుంది. పైగా ఒక్కొక్క క్లోన్‌కు ఒక్కొక్క రూపం. ఒకే రకం టి-కణాలను ప్రయోగశాలలో విస్తారంగా పెంచే పద్ధతులు వచ్చేదాకా ఈ ప్రొటీన్‌ను శుద్ధిచేయడం అసాధ్యమే. ఆ లోటును ఉపమానంతో పూరించడం వల్లనే పొరపాట్లు జరిగాయి.

6. ప్రొటీన్, జన్యువు: 1982-1986

1975లో కేంబ్రిడ్జ్‌లో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టైన్ కనిపెట్టిన మోనోక్లోనల్ ప్రతిరక్షకాలు ఈ ప్రతిష్టంభనను తొలగించాయి. ప్రతి టి-కణ క్లోన్ గ్రాహకం భిన్నమైనదైతే, ఒకే ఒక్క క్లోన్‌ను మాత్రమే గుర్తించే ప్రతిరక్షకం ఆ గ్రాహకాన్నే పట్టుకొని ఉండాలి. ఈ తర్కంతో 1982లో టెక్సాస్‌లో జేమ్స్ ఆలిసన్ బృందం ఎలుక టి-కణ గడ్డపై రెండు శృంఖలాల ప్రొటీన్‌ను గుర్తించింది. 1983లో డెన్వర్‌లో కాథరిన్ హాస్కిన్స్, జాన్ కాప్లర్, ఫిలిపా మారాక్‌ల బృందం మరొక అడుగు ముందుకు వేసింది. కోడిగుడ్డు తెల్లసొనలోని ఓవాల్‌బ్యుమిన్‌కు స్పందించే టి-కణ హైబ్రిడోమాను మాత్రమే గుర్తించే ప్రతిరక్షకాన్ని వారు తయారుచేశారు. అది ఆ కణం ప్రతిస్పందనను కూడా ఆపివేసింది. అదే ఏడాది బోస్టన్‌లో స్టెఫాన్ మ్యూయర్, ఎల్లిస్ రైన్‌హెర్జ్ బృందం మానవ టి-కణాలలో ఇటువంటి ప్రొటీన్‌నే వెలికితీసింది. ఆల్ఫా, బీటా అనే రెండు శృంఖలాలు గంధక బంధంతో కలిసి ఏర్పడిన ప్రొటీన్ అది.

జన్యువు వేటలో సాదృశ్యాన్ని ఎంత మేరకు వాడాలో స్పష్టంగా తెలిసినవాడు మార్క్ డేవిస్. పిండదశలో దూరదూరంగా ఉండే ప్రతిరక్షక జన్యుఖండాలు బి-కణంలో దగ్గరగా వచ్చి కలుస్తాయని 1976లో బాసెల్‌లో సుసుము టొనెగావా, నొబుమిచి హొజుమి చూపారు. టి-కణ గ్రాహకంలో కూడా వైవిధ్యం ఇదే పద్ధతిలో పుడుతుందని డేవిస్ ఊహించాడు. ప్రతిరక్షక జన్యువులు తమంతట తాముగా అక్కడ ఉంటాయని మాత్రం అనుకోలేదు. అతడు పెట్టుకొన్న షరతులు మూడు: ఆ జన్యువు టి-కణంలో పనిచేయాలి, బి-కణంలో పనిచేయకూడదు, అది త్వచప్రొటీన్‌కు సంబంధించినది కావాలి, టి-కణంలో దాని డి.ఎన్.ఎ. పునర్విన్యాసం చెంది ఉండాలి. టి-కణపు సందేశవాహక ఆర్.ఎన్.ఎ. నుంచి తయారుచేసిన ప్రతులలో బి-కణంతో ఉమ్మడిగా ఉన్నవాటిని తీసివేస్తే సుమారు 2 శాతం మిగిలాయి. వాటిలో వెతకగా ఒక ప్రతి మూడు షరతులనూ నెరవేర్చింది. టొరంటోలో టాక్ మాక్ బృందం మానవ కణాల నుంచి దీనికి సాటియైన జన్యువును విడిగా కనిపెట్టింది. ఈ రెండు బృందాల పత్రాలూ 1984 మార్చి 8న 'నేచర్' పత్రిక ఒకే సంచికలో వెలువడ్డాయి. దొరికినది బీటా శృంఖల జన్యువు.

ఆల్ఫా కోసం సాగిన పోటీలో మరొక మలుపు వచ్చింది. టొనెగావా బృందం 1984లో ప్రకటించిన రెండో జన్యువును మొదట ఆల్ఫాగా భావించారు. ఆల్ఫా ప్రొటీన్‌కు చక్కెర అణువులు అతికి ఉంటాయని అప్పటికే తెలుసు. కొత్త జన్యువు సూచించే ప్రొటీన్‌లో అవి అతికే స్థానాలు లేవు. అది గామా అని, అసలైన ఆల్ఫా వేరే ఉందని ఆ ఏడాది చివరికి తేలింది. గామా, డెల్టా శృంఖలాలతో కూడిన మరొక టి-కణవర్గం ఉన్న సంగతి ఆ పొరపాటు వెంబడే బయటపడింది.

గ్రాహకం ఒకటా, రెండా అన్న వాదానికి 1986లో తెరపడింది. ఒక టి-కణపు ఆల్ఫా, బీటా జన్యువులను మాత్రమే మరొక టి-కణంలో ప్రవేశపెడితే, ప్రతిజనకాన్నీ ఎం.హెచ్.సి.నీ కలిపి గుర్తించే శక్తి మొత్తం దానికి సంక్రమించిందని జ్లాట్కో డెంబిక్, హెరాల్డ్ ఫాన్ బోమర్ తదితరులు నిరూపించారు. గ్రాహకం ఒక్కటే, అది రెండింటినీ ఒకేసారి చూస్తుంది.

7. నిర్మాణం

గ్రాహకం చూసే దృశ్యం దాని సొంత నిర్మాణం కన్న ముందే వెల్లడైంది. టి-కణాలు వైరస్ ప్రొటీన్‌ను యథాతథంగా గాక దాని చిన్న తునకలైన పెప్టైడ్‌లను గుర్తిస్తాయని ఆక్స్‌ఫర్డ్‌లో అలైన్ టౌన్‌సెండ్ 1986లో చూపాడు. 1987లో హార్వర్డ్‌లో పమేలా బ్యోర్క్‌మన్, డాన్ వైలీ, జాక్ స్ట్రోమింజర్ తదితరులు మానవ ఎం.హెచ్.సి. ప్రొటీన్లలో ఒకటైన హెచ్.ఎల్.ఎ.-ఎ2 స్ఫటిక నిర్మాణాన్ని ప్రచురించారు. ప్రొటీన్ పైభాగంలో రెండు సర్పిలాల నడుమ ఒక గాడి ఉంది. ఆ గాడిలో ప్రొటీన్‌కు చెందని పదార్థమేదో ఉన్నట్టు ఎక్స్-కిరణ చిత్రం చూపింది. అది శుద్ధి ప్రక్రియలో కూడా విడిపోకుండా నిలిచిన పెప్టైడ్‌ల సమూహం. కాన్‌బెర్రా ప్రయోగానికి భౌతికరూపం అదే.

1996లో రెండు బృందాలు టి-కణ గ్రాహక నిర్మాణాన్ని అందించాయి. ఒకటి కాలిఫోర్నియాలో క్రిస్టఫర్ గార్సియా, ఇయాన్ విల్సన్‌ల బృందం. మరొకటి హార్వర్డ్‌లో డేవిడ్ గార్బోజి, వైలీల బృందం. ఆల్ఫా, బీటా శృంఖలాలు రెండింటిలోనూ కొనవైపు చర భాగం, త్వచం వైపు స్థిర భాగం ఉంటాయి. మొత్తం రూపం ప్రతిరక్షకపు ఒక భుజాన్ని పోలి ఉంటుంది. చర భాగాల కొసన ఒక్కొక్క శృంఖలానికి మూడేసి చొప్పున ఉచ్చులు ఉంటాయి. ఎం.హెచ్.సి. గాడిపై గ్రాహకం ఏటవాలుగా కూర్చుంటుంది. మొదటి, రెండో ఉచ్చులు ప్రధానంగా గాడి అంచులైన సర్పిలాలను తాకుతాయి. మూడో ఉచ్చులు నడుమనున్న పెప్టైడ్‌ను తాకుతాయి. జన్యుఖండాలు అతికే చోటనే మూడో ఉచ్చు ఏర్పడుతుంది కనుక అత్యధిక వైవిధ్యం అక్కడే ఉంటుంది. స్వీయప్రొటీన్‌ను చూసే భాగంలో మార్పు తక్కువ. పరాయి తునకను చూసే భాగంలో మార్పు ఎక్కువ. స్వ-పరాలను జతగా గుర్తించే విధి ఈ అమరికలోనే ఇమిడి ఉంది.

గ్రాహకం కణం లోపలికి చొచ్చుకొనివచ్చే భాగం చాలా చిన్నది. సంకేతాన్ని లోపలికి అందించే పని దానితో కలిసి ఉండే సి.డి.3 శృంఖలాలది, జీటా శృంఖలాలది. ఆల్ఫా, బీటాలతో కలిపి ఈ సముదాయంలో ఎనిమిది శృంఖలాలు ఉంటాయి. త్వచం మధ్యలో ధనావేశం గల గ్రాహకపు అమైనో ఆమ్లాలు, ఋణావేశం గల సి.డి.3, జీటా అమైనో ఆమ్లాలు పరస్పరం ఆకర్షించుకోవడం వల్ల ఈ కూర్పు నిలుస్తుంది. 1989లో మైకేల్ రెత్ గుర్తించిన అమైనో ఆమ్లక్రమం ఈ సముదాయంలో పదిచోట్ల ఉంది. గ్రాహకానికి పట్టు దొరికినప్పుడు ఆ క్రమంలోని టైరోసిన్లకు ఫాస్ఫేట్ చేరుతుంది; అక్కడినుంచి సంకేతం కణకేంద్రకం వరకు సాగుతుంది.

8. పాత్ర, వినియోగం

జన్యుఖండాలు యాదృచ్ఛికంగా కలవడం వల్ల పనికిరాని గ్రాహకాలు, సొంత శరీరాన్నే దెబ్బతీసే గ్రాహకాలు కూడా పుడతాయి. వాటిని ఏరివేసేది థైమస్ గ్రంథే. స్వీయ ఎం.హెచ్.సి.ని బొత్తిగా గుర్తించలేని కణాలు అక్కడ నశిస్తాయి. మరీ గట్టిగా పట్టుకొనేవీ నశిస్తాయి. ఈ రెండో రకం ఏరివేతకు కాప్లర్, మారాక్ 1987లో ప్రత్యక్ష సాక్ష్యం చూపారు. నిష్ప్రయోజకమని భావించిన గ్రంథికి ఉన్న ప్రయోజనం గ్రాహకం దొరికాకనే పూర్తిగా అర్థమైంది.

చికిత్సారంగంలో ఈ చరిత్ర రెండు దారులుగా కొనసాగుతున్నది. 1989లో ఇజ్రాయెల్‌లో జెలిగ్ ఎష్హార్ బృందం టి-కణ గ్రాహకపు చర భాగాల స్థానంలో ప్రతిరక్షకపు చర భాగాలను అతికించింది. కార్-టి చికిత్సకు ఇదే బీజం. దీనికి 2017లో అమెరికాలో అనుమతి లభించింది. బొంబాయి ఐఐటి, టాటా మెమోరియల్ సెంటర్‌ల కృషితో రూపొందిన నెక్స్‌కార్19కు 2023లో భారతదేశంలో అనుమతి లభించింది. ప్రతిజనకాన్ని ప్రతిరక్షకంలాగా నేరుగా పట్టుకొనే టి-కణం 1970లలో వెతికితే ప్రకృతిలో దొరకలేదు; అది ఇప్పుడు మనుషుల చేతిలో తయారవుతున్నది. కణం ఉపరితలంపై కనిపించే ప్రొటీన్లకే దాని పరిధి పరిమితం.

రెండో దారి సహజ గ్రాహకం చూపును వాడుకొంటుంది. కంటిలో పుట్టే ఒక రకం మెలనోమాకు 2022లో అమెరికాలో అనుమతి పొందిన టెబెంటాఫస్ప్‌లో, పట్టు పెంచిన టి-కణ గ్రాహకం ఉంది. అది కణం లోపలి ప్రొటీన్ తునకను కూడా పసిగట్టగలదు. అయితే హెచ్.ఎల్.ఎ.-ఎ2లో ఒక నిర్దిష్ట రూపభేదం ఉన్న రోగులకు మాత్రమే అది పనిచేస్తుంది. ఎలుకల కణాలతో కాన్‌బెర్రాలో కనిపెట్టిన నియమం, ఒక రోగికి ఈ మందు అందుతుందా లేదా అన్నదానిని నేడు నిర్ణయిస్తున్నది.

9. ముగింపు

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

• టి-కణ గ్రాహకం మొదట ఒక పనిగా తెలిసి, తరువాత వస్తువుగా దొరికింది. ఆ రెండింటి నడుమ ఉన్న ఖాళీని ప్రతిరక్షక సాదృశ్యం ఆక్రమించింది.

• జన్యువుల పునర్విన్యాసం, చర-స్థిర భాగాల అమరిక ప్రతిరక్షకానికీ ఈ గ్రాహకానికీ ఉన్న నిజమైన సమానధర్మాలు. ప్రతిజనకాన్ని నేరుగా పట్టుకోవడం, రక్తంలోకి విడుదల కావడం సమానధర్మాలు కావు. 1984 నాటి విజయం మొదటి కోవకు చెందిన అంశాన్ని ఎంచుకోవడం వల్ల, 1970ల వైఫల్యం రెండింటినీ వేరుచేయకపోవడం వల్ల కలిగాయి.

• పరాయిదానిని స్వీయప్రొటీన్ ఒడిలో మాత్రమే గుర్తించడం ఈ గ్రాహకం విశిష్టత. 1974లో ఒక ప్రయోగఫలితంగా ఉన్న ఈ విషయం 1987, 1996 నాటి నిర్మాణాలతో ప్రత్యక్షమైంది.

• గామా శృంఖలం పొరపాటుగా దొరికింది. కార్-టి తోసిపుచ్చిన ఊహకు దగ్గరి రూపం. విజయాలను మాత్రమే వరుసగా పేర్చే శాస్త్రచరిత్రలో ఈ రెండింటికీ చోటు దొరకదు. శాస్త్రవిషయాలను తెలుగులో బోధించేవారు తేదీలతోపాటు పొరపాట్లను కూడా చెప్పినప్పుడే విద్యార్థికి శాస్త్రం నడిచే తీరు అర్థమవుతుంది.